ఎంఎం 540కి డీఐ టర్బో ఇంజిన్, రెండంగుళాల లిఫ్ట్: భాకరాపేట తోట జీపు కేస్ స్టడీ

బండి పాత మహీంద్రా ఎంఎం 540. వీల్‌బేస్ 91 అంగుళాలు, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, 4-స్పీడ్ గేర్‌బాక్స్, దాని వెనక డానా 18 రకం ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె). ఇంజిన్ 2112 సీసీ ప్యూజో డీజిల్, ఎక్స్‌డీపీ 4.90. పేరులోని 4.90 అంటే నాలుగు సిలిండర్లు, 90 మి.మీ. బోరు. కంప్రెషన్ పోయింది, హెడ్ గ్యాస్కెట్ రెండుసార్లు మార్చారు, విడిభాగాలు దొరకడం గగనమైంది.

యజమానికి భాకరాపేట ఘాట్ దాటాక గుట్టవాలులో మామిడి తోట ఉంది. తోతాపురి కోతల్లో 20 క్రేట్లు, అంటే దాదాపు 400 కిలోలు, పైనుంచి రోడ్డు మీద లారీ దగ్గరికి దించాలి. ఖాళీ క్రేట్లతో మళ్లీ ఎక్కాలి. వానల్లో ఒక వంక దాటాలి. నెలకు రెండు మూడుసార్లు తిరుపతికి వచ్చిపోవాలి. బండికి ఉన్న పని ఇంతే.

ఆయన అడిగింది వేరు: 100 హార్స్‌పవర్ దాటిన సీఆర్‌డీఈ (కంప్యూటరు నడిపే కామన్ రైల్ డీజిల్) ఇంజిన్, 4 అంగుళాల లిఫ్ట్ (ఛాసిస్‌ను యాక్సిళ్ల మీంచి పైకి లేపడం), 33 అంగుళాల టైర్లు. చివరికి బిగించింది మెకానికల్ పంపు ఉన్న 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) టర్బో, 2 అంగుళాల లిఫ్ట్, 235/75 ఆర్15 టైర్లు.

ఇలాంటి పనుల్లో మామూలుగా ముందు ఇంజిన్ వస్తుంది. ఎక్కడో చవగ్గా దొరికిందని కొనేస్తారు, షెడ్డులో దించేస్తారు, మిగతాదంతా దాని చుట్టూ అల్లుతారు. ఇక్కడ వరస తిరగేశాం: ముందు టైరు, తర్వాత యాక్సిల్ నిష్పత్తి, ఆపైన లిఫ్ట్ ఎత్తు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి యాక్సిల్‌ను తిప్పే కడ్డీ) కోణం, అన్నిటికంటే చివర ఇంజిన్ మౌంట్లు. లిఫ్ట్ ఎంతో తేలకుండా మౌంట్ వెల్డింగ్ చేస్తే ఆ మౌంట్‌ను మళ్లీ కోయాల్సి వస్తుంది. ఎందుకో షాఫ్ట్ కోణం దగ్గర తెలుస్తుంది.

టైరు, పళ్ల లెక్క

లిఫ్ట్ వేస్తే ఛాసిస్ లేస్తుంది, డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో పళ్ల చక్రాలున్న గుండ్రటి భాగం) లేవదు. హౌసింగ్ కింద బండరాయి తగులుతుంటే దానికి మందు టైరు వ్యాసం ఒక్కటే. 235/75 ఆర్15 వ్యాసం లెక్క ప్రకారం 733 మి.మీ.; బండికి ఉన్న 6.00-16 కూడా దాదాపు అంతే. 31 అంగుళాల టైరు వేసినా హౌసింగ్ కింద పెరిగేది 26, 27 మి.మీ. మాత్రమే. దానికోసం స్టీరింగ్ బరువెక్కుతుంది, డ్రమ్ము బ్రేకుల మీద భారం పెరుగుతుంది. తోట దారిలో హౌసింగ్ తగిలిన గుర్తులు లేవు. తగులుతున్నది గేర్‌బాక్స్ కింది క్రాస్ మెంబరు, గెనాలు దాటేటప్పుడు. అంటే కావాల్సింది ఛాసిస్ ఎత్తు, టైరు ఎత్తు కాదు. 33 అంగుళాల మాట అక్కడితో ఆగింది.

ఈ టైరు ట్యూబ్‌లెస్ కావడానికీ ఒక కారణం ఉంది. ఇసుకలో గాలి 15 పీఎస్ఐకి దించాల్సి వస్తే ట్యూబు టైరు రిమ్ము మీద జారి వాల్వును తెంపేస్తుంది.

ఇక యాక్సిల్. ఇంత పాత జీపులో కాగితం మీది నిష్పత్తిని నమ్మకూడదు. వెనక చక్రాలు రెండూ జాకీల మీద లేపి, షాఫ్ట్‌కు సుద్దముక్కతో గీత పెట్టి, రెండు చక్రాలనూ కలిపి ఒక చుట్టు తిప్పాలి. షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. వెనక ఐదుంపావు దాటి కాస్త ఎక్కువ వచ్చింది. ముందు ఐదు కూడా నిండలేదు. మూత విప్పి పళ్లు లెక్కపెడితే వెనక 43/8, అంటే 5.375. ముందు 39/8, అంటే 4.875. ఎప్పుడో ఎవరో ముందు యాక్సిల్‌ను స్క్రాప్‌లో దొరికినదానితో మార్చేశారు. ఈ రెంటికీ తేడా 10 శాతం. ఫోర్ వీల్ వేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతోందని, లివర్ వెనక్కి రావడం లేదని యజమాని చెప్పిన పాత ఫిర్యాదుకు మూలం ఇదే. ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకసారి విప్పి బేరింగులు మార్చారు కూడా, పాపం దాని తప్పేమీ లేదు.

ఏ యాక్సిల్‌ను మార్చాలో కొత్త ఇంజిన్ చెప్పింది. 2523 సీసీ డీఐ బోరు 88.9, స్ట్రోకు 101.6 మి.మీ.; అంగుళాల్లో మూడున్నర, నాలుగు. ట్రాక్టరు వంశం. టర్బో రకం 3200 ఆర్‌పీఎం దగ్గర 63 హార్స్‌పవర్, 1500-1800 మధ్య 182.5 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. పాత ప్యూజో హార్స్‌పవర్ కూడా దాదాపు ఇంతే, కానీ టార్క్ 120 ఎన్ఎం దగ్గర, అదీ 4000 పైకి తిరగగల ఇంజిన్. కాబట్టి ఇంజిన్ మార్చి 5.375ను అలాగే ఉంచితే బండి రోడ్డు మీద నెమ్మదిస్తుంది. ఈ టైరు ఒక చుట్టుకు సుమారు 2.2 మీటర్లు నడుస్తుంది. నాలుగో గేరు 1:1. పాత ఇంజిన్ 4000 దగ్గర గంటకు 98 కి.మీ. కొత్తది 3000 దగ్గర 74 కి.మీ. ఖర్చు పెట్టించుకున్న యజమాని ఒప్పుకునే సంగతి కాదు.

వెనక కూడా 39/8 వేస్తే 3000 దగ్గర 81 కి.మీ. వస్తుంది, 70 కి.మీ. వేగం 2600 లోపే దొరుకుతుంది. లాగుడు కొంత తగ్గుతుంది కదా అంటే, తగ్గాక కూడా చక్రం దగ్గర పాతదానికంటే 38 శాతం దాకా ఎక్కువే. క్రౌన్ పినియన్ జత (యాక్సిల్ లోపలి పెద్ద, చిన్న పళ్ల చక్రాలు) మార్చి, పళ్ల సందు 0.15 మి.మీ. దగ్గర పెట్టి, రంగు పూసి పళ్ల ముద్ర చూశాకే మూత వేశాం. ముద్ర పంటి అంచుకు పోతే ఆ జత కొత్తదైనా మోత మోగుతుంది.

ఇంజిన్ ఎంపిక, కాగితాలు

సీఆర్‌డీఈ వద్దనడానికి కారణం దాని బలం కాదు. దానితో పాటు ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు), మొత్తం వైరింగు, పెడల్ సెన్సరు, ఇమ్మొబిలైజరు (సరైన తాళం లేకపోతే ఇంజిన్‌ను ఆపేది) అన్నీ ఒకే బండివి రావాలి. వంకలో నీళ్లు తగిలే చోట పాత ఛాసిస్ మీద ఆ కనెక్టర్లను కాపాడటం ఒక వేరే ఉద్యోగం. మెకానికల్ పంపు అయితే భాకరాపేటలోనే విప్పి చూడగలవారు ఉన్నారు.

దాత బండి, అంటే ఇంజిన్ తీసుకునే పాత బండి, విషయంలో అందరూ పడే గుంట ఒకటుంది. మన వైపు, చెన్నై పుదుప్పేట స్క్రాప్‌లో కూడా, దొరికేవి చాలావరకు టూవీల్ డ్రైవ్ బొలెరోలు, పికప్‌లు. 'ఇంజిన్‌తో పాటు 5-స్పీడ్ కూడా వస్తోంది' అని మురిసి కొంటే, దాని వెనక భాగం తోక హౌసింగుతో ముగుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేస్ తగిలించే ముఖమూ ఉండదు, దానికి సరిపడే మెయిన్ షాఫ్టూ ఉండదు. అందుకే పాత 4-స్పీడ్, ట్రాన్స్‌ఫర్ కేస్ రెండూ ఉంచేశాం. డీఐ ఇంజిన్‌ను 4-స్పీడ్ బాక్సుకు కలిపే బెల్ హౌసింగ్ విడిగా వెతికి తెచ్చాం. దానికి తగ్గ ఫ్లైవీల్, స్టార్టరు, క్లచ్ ఫోర్కు ఒకే సెట్టుగా ఉండాలి. క్లచ్ ప్లేటు పళ్లు బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద చేతితో జార్చి చూడాలి, పైలట్ బేరింగ్ లోపలి కొలత కూడా అక్కడే సరిచూడాలి. ఈ ఒక్క బేరింగ్ మరిచిపోయి బాక్సు రెండోసారి దించినవాళ్లు తక్కువమంది కాదు.

ఇంజిన్‌తో పాటు అడిగి తెచ్చుకోవాల్సినవి: మౌంట్ బ్రాకెట్లు రబ్బర్లతో సహా, ఆల్టర్నేటరు వెనక వాక్యూమ్ పంపు, టర్బో ఆయిల్ పైపులు రెండూ, పవర్ స్టీరింగ్ పంపు, ఫ్యాను, నీళ్ల పైపులు. వాక్యూమ్ పంపు లేని ఆల్టర్నేటరు తెస్తే బ్రేకు బూస్టరు దిష్టిబొమ్మే. కొనేముందు కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో చూడాలి. ఒకదానికొకటి 10 శాతం మించి తేడా ఉంటే వద్దు. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఉబికి రాకూడదు. టర్బో షాఫ్ట్‌ను ముందుకూ వెనక్కీ లాగితే చేతికి ఆట తెలియకూడదు.

కాగితం పని ఇంజిన్ దిగకముందే మొదలవ్వాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్పిడికి రిజిస్టరింగ్ అథారిటీ ఆమోదం ఉండాలి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. అనుమతి లేకుండా మారిస్తే, 2019 సవరణ తర్వాత 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ, లేదా రెండూ. ఇంజిన్ నంబరు స్పష్టంగా రాసిన బిల్లు, దాత బండి పత్రాల నకళ్లు, గ్యారేజీ రసీదు ఒక ఫైలులో పెట్టుకుని ముందే ఆర్‌టీఓ కార్యాలయంలో చూపించాలి. అదే కంపెనీ, అదే ఇంధనం కావడం ఇక్కడ కలిసొచ్చే అంశం. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. నంబరు కలవకపోతే దొరికేది అక్కడే. పైగా ఇది ఎర్రచందనం ప్రాంతం. అడవి అంచున రాత్రిపూట నంబరు కలవని జీపుతో చెక్‌పోస్టు దగ్గర ఆగితే ఎంతసేపు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

కోణం

మొత్తం పనికి గుండెకాయ ఇది. వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ ఈ బండిలో క్రాస్ (షాఫ్ట్ చివర కోణంలోనూ తిరగనిచ్చే కీలు) నుంచి క్రాస్‌కు 600 మి.మీ. పొట్టి షాఫ్ట్. పాత ఎత్తులో అది 7 డిగ్రీలు వాలి ఉంది. ట్రాన్స్‌ఫర్ ముఖం 3 డిగ్రీలు కిందికి, యాక్సిల్ వైపు షాఫ్ట్ కలిసే పినియన్ ముఖం 3 డిగ్రీలు పైకి చూస్తున్నాయి. అంటే ఒక్కో క్రాస్ మీద కోణం 4 డిగ్రీలు.

50 మి.మీ. లేపితే వాలు 11.8 డిగ్రీలవుతుంది, క్రాస్ మీద 8.8. 100 మి.మీ. లేపితే వాలు 16.8, క్రాస్ మీద 13.8. క్రాస్ ఎంత కోణాన్ని భరిస్తుందన్నది వేగాన్ని బట్టి ఉంటుంది. షాఫ్ట్ తయారీదారుల పట్టికల్లో 2500 ఆర్‌పీఎంకు 7 డిగ్రీలు, 1500కు 11.5 దగ్గర హద్దు గీసి ఉంటుంది. మన బండి 70 కి.మీ. వేగంలో షాఫ్ట్ 2600 దగ్గర తిరుగుతుంది. కాబట్టి 2 అంగుళాలకే 8.8 ఎక్కువ.

ఇక్కడే ఇంజిన్ పని, లిఫ్ట్ పని ఒకటవుతాయి. మౌంట్లు ఎలాగూ కొత్తగా చేస్తున్నాం గనక ఇంజిన్, బాక్సు కలిపి వెనక్కి ఇంకో 2 డిగ్రీలు వాల్చి కూర్చోబెట్టవచ్చు. పైసా అదనపు ఖర్చు లేదు. వెనక యాక్సిల్ కింద 2 డిగ్రీల ఉక్కు వెడ్జ్ (వాలుగా ఉన్న చీల) పెట్టి పినియన్‌ను అంతే పైకి తిప్పితే రెండు ముఖాలూ మళ్లీ సమాంతరం. ముఖాల వాలు ఒక్కటే లెక్కిస్తే క్రాస్ మీద కోణం 6.8కి దిగింది; బాక్సు వెనక భాగం కిందికి రావడం కూడా కలిపితే ఇంకా తక్కువే. అదే 4 అంగుళాల లిఫ్ట్ అయితే ఆ లెక్కనే 11.8 మిగులుతుంది, బాక్సు దిగినది కలిపినా 70 కి.మీ. వేగానికి హద్దు దాటుతుంది. యజమానికి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక 4 అంగుళాల ప్రస్తావన మళ్లీ రాలేదు.

వాల్చడానికి ధర లేకపోలేదు. క్రాస్ మెంబరు వైపు 30 మి.మీ. కిందికి వస్తుంది, అంటే లిఫ్టులో సంపాదించిన 50లో అక్కడ మిగిలేది 20 మాత్రమే. అందుకే కింది రక్షణ ప్లేటును 5 మి.మీ. రేకుతో, ముందు అంచు వంచి, గెనెం మీద జారేలా చేశాం. ముందు షాఫ్ట్ కోణం కూడా 2 డిగ్రీలు పెరుగుతుంది. అది ఫోర్ వీల్‌లో, నెమ్మదిలోనే పని చేస్తుంది గనక, ముందు హబ్బులు ఫ్రీ చేసుకునే వీలుంది గనక, సర్దుకోవచ్చు.

స్ప్రింగును యాక్సిల్ పైకి మార్చే 'స్ప్రింగ్ ఓవర్' పద్ధతి చవక. పట్టీల మందం, యాక్సిల్ గొట్టం మందం కలిపి ఐదంగుళాల దాకా లేస్తుంది. ఈ బండికి పనికిరాదు. పైన చెప్పిన కోణమే కాక, 182 ఎన్ఎం టార్క్ పడ్డప్పుడు యాక్సిల్ పట్టీలను ఎస్ ఆకారంలో మెలితిప్పుతుంది. పొడుగు షాకిళ్లతో (పట్టీ చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకులు) లేపడం ఇంకా తప్పుడు దారి. అంగుళం లేవాలంటే షాకిల్ రెండంగుళాలు పెరగాలి. ముందు స్ప్రింగులకు షాకిల్ ముందువైపే ఉన్న జీపుల్లో అది కాస్టర్‌ను (చక్రాలు నేరుగా నిలిచేందుకు స్టీరింగ్ ఇరుసుకు ఉంచే వెనక వాలు) తినేస్తుంది, స్టీరింగ్ దారి తప్పి తిరుగుతుంది.

కమాన్ కట్టలు కొత్తవే చేయించాం. పాత పట్టీలను సుత్తితో కొట్టి వంపు పెంచితే ఒక్క సీజనులో చతికిలబడతాయి. వంపు లెక్క: లిఫ్టుకు 50 మి.మీ., కొత్త పట్టీ సర్దుకోవడానికి 12, ముందు అదనపు బరువుకు 8. ఆ బరువు వే బ్రిడ్జి మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి చూసినది: ఇంజిన్, పవర్ స్టీరింగ్ పంపు కలిసి 50 కిలోలు పెరిగాయి. మామిడి సీజనులో వే బ్రిడ్జి దగ్గర లారీల వరస ఉంటుంది, తెల్లారేలోపు పోవడం మంచిది. ముందు యాక్సిల్‌కు వెడ్జ్ కాస్టర్ 3 డిగ్రీలు నిలిచేలా పెట్టాం, షాఫ్ట్ కోసం కాదు. పినియన్‌ను పైకి తిప్పితే షాఫ్ట్‌కు హాయి, స్టీరింగ్‌కు చేటు. అల్యూమినియం వెడ్జులు నలిగిపోతాయి, వద్దు.

యూ బోల్టులు పాతవి మళ్లీ వాడకూడదు. బిగువు 100 కి.మీ. తర్వాత ఒకసారి, 500 తర్వాత ఒకసారి చూడాలి. బంప్ స్టాపు (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు) కింద 50 మి.మీ. దిమ్మ. షాక్ అబ్జార్బరు కొనేముందు యాక్సిల్‌ను పూర్తిగా లేపి, పూర్తిగా వేలాడదీసి కన్ను నుంచి కన్నుకు కొలవాలి. మూసినప్పటి పొడవు అడ్డుపడకుండా 15 మి.మీ. తక్కువ, తెరిచినప్పటిది 15 ఎక్కువ ఉండాలి. బ్రేకు హోసులు వేలాడే స్థితిలో కూడా కాస్త సడలుగా ఉండాలి.

కూర్చోబెట్టడం

డిజైన్ ఎత్తుకు ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలిపి, లోపలి సరుకంతా తీసేసిన ఖాళీ బ్లాకుతో కొలతలు తీశాం. నిండు ఇంజిన్‌ను ఇరవైసార్లు లేపి దించడం నడుములకూ మంచిది కాదు, చెయిన్ బ్లాకుకూ మంచిది కాదు. చూసుకున్న ఖాళీలు: బంప్ స్టాపు తగిలినప్పుడు ఆయిల్ సంపుకూ ముందు హౌసింగుకూ మధ్య 40 మి.మీ., వెనక రేకుకు 25, టర్బో కింది పైపుకూ స్టీరింగ్ షాఫ్ట్‌కూ మధ్య 30. ఇంజిన్ టార్క్ కింద పక్కకు ఒరుగుతుంది, ఆ ఒరుగు కూడా లెక్కలోకి రావాలి. మౌంట్లు 6 మి.మీ. ప్లేటు, ముందు టాకాలు వేసి, ఇంజిన్ తీసేశాకే పూర్తి వెల్డింగ్. ఛాసిస్ పై కింది అంచుల మీద అడ్డంగా వెల్డింగ్ గీత వేస్తే చీలిక అక్కడే పుడుతుంది.

నడిపాక బయటపడినవి

మొదటిది వేడి. మే నెల మధ్యాహ్నం, 400 కిలోలతో భాకరాపేట ఘాట్ రెండో గేరులో ఎక్కితే ముల్లు ఎరుపు దాకా పోయింది. రేడియేటరు కొత్తది, పంపు బాగుంది. థర్మోస్టాట్ పీకేద్దామన్న సలహా ఎప్పటిలాగే వచ్చింది. పీకితే చలికాలం ఇంజిన్ వేడెక్కదు, అసలు జబ్బు అలాగే ఉంటుంది. కారణం మన వాల్పే. 2 డిగ్రీలు వెనక్కి వాలిన ఇంజిన్‌కు ఫ్యాను 14 మి.మీ. పైకి లేచింది, ష్రౌడు (ఫ్యాను చుట్టూ ఉండే గాలి తొడుగు) రంధ్రం మాత్రం పాత చోటే ఉంది. పైన రెక్కకూ ష్రౌడుకూ 6 మి.మీ., కింద 34. గాలి కింది సందులోంచి వెనక్కి తిరుగుతోంది. రంధ్రం కేంద్రాన్ని 14 మి.మీ. పైకి జరిపి, చుట్టూ 20 మి.మీ. సమంగా ఉండేలా, రెక్క సగం లోపల సగం బయట ఉండేలా ష్రౌడు మళ్లీ చేయించాక అదే ఘాట్, అదే బరువు, ముల్లు సగం దాటి కొంచెం పైన నిలిచింది. ప్లానులో ఈ ఒక్క కొలత తప్పిపోయింది. వాల్పు నిర్ణయించిన రోజే ష్రౌడు గీత మారాల్సింది.

రెండోది 50-60 కి.మీ. వేగం మధ్య వణుకు. న్యూట్రల్‌లో జారవిడిచినా ఉంది గనక ఇంజిన్‌ది కాదు. లిఫ్టుకు షాఫ్ట్ 8 మి.మీ. పొడుగవ్వాలి, లేతు దగ్గర పొడిగించి తెచ్చాక జారుడు భాగాన్ని ఒక పన్ను పక్కకు ఎక్కించారు. రెండు చివరల క్రాస్ చెవులు ఒకే వరసలో లేవు. విప్పి, వరస కలిపి, గుర్తు కొట్టి బిగించడం అరగంట పని.

మూడోది పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, అదీ ట్యాంకు సగం కంటే తగ్గినప్పుడే. పంపు మీద అనుమానపడ్డారు. ట్యాంకులో పీల్చే గొట్టానికి మధ్యలో తుప్పు రంధ్రం ఉంది, డీజిల్ దాని కిందికి దిగితే గాలి పీలుస్తుంది. గొట్టం మార్చాక పోయింది.

స్పీడోమీటరు కేబులు ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి వస్తుంది. వెనక పళ్లు మారాయి కాబట్టి ఇప్పుడది తక్కువ చూపిస్తుంది: ముల్లు 63 మీద ఉంటే బండి 70లో పోతోంది. సరిపడే చిన్న గేరు దొరికేదాకా అద్దం మీద 63 దగ్గర ఎర్ర పెయింటుతో ఒక గీత పెట్టి ఇచ్చాం.